నాయన జీపు, మేనమామ ఒడి

ఆ రోజు ఉదయానికి నల్లసామి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తెల్లవారగానే స్నానం, కొత్త పంచె, నాయన పటానికి దండం, జీపు వెనకాల సీరు సామాను, ముందు సీట్లో అమ్మ, సామాను పక్కన పెళ్ళాం, ఎండ ముదిరేలోపు విరుదునగర్. చెల్లెలి వీధిలో మేళం మోగుతుండగా జీపు దిగడం, మూడేళ్ళ మేనకోడలు బృందను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, కంసాలి చెవులు కుట్టడం, ఆ తర్వాత అరటాకులో భోజనం. పథకంలో ఇంజన్ స్టార్ట్ కావడం అనే అంశం విడిగా లేదు. అది ఎవరూ చెప్పుకోనక్కర్లేని సంగతని నల్లసామి నమ్మకం.

కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో తరాల కిందట స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాల్లో, మేనమామ ఒడిలో కూర్చోకుండా ఆడపిల్లకు చెవులు కుట్టరు. ఆ మామ కూడా చేతులూపుకుంటూ రాకూడదు. పట్టుపావడా, గాజులు, బంగారు కమ్మలు, అరటిగెల, మిఠాయిలు పళ్ళేల్లో సర్దుకుని రావాలి. ఆ కానుకలన్నిటినీ కలిపి సీరు అంటారు. పిల్ల తండ్రి వీధి మొదలు దాకా మేళంతో ఎదురొచ్చి, మామ చెంపలకు చందనం పూసి, సీరును ఇంట్లోకి పిలుచుకుపోవాలి.

చిక్కంతా ఆ తండ్రితోనే వచ్చింది. నల్లసామి చెల్లెలు సుధాలక్ష్మి భర్త రాజగోపాలన్‌కు విరుదునగర్‌లో డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. బృంద పుట్టకముందు ఒకసారి నల్లసామి తన తండ్రి కొన్న పాత జీపును బావ చేత చూపిద్దామని అక్కడికి తోలుకెళ్ళాడు. రాజగోపాలన్ జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కిందికి వంగి చూసి, లేచి చేతులు దులుపుకుని, దీన్ని పాత ఇనుముకు వేసేయడం మేలన్నాడు. మనసొప్పకపోతే ఇంజన్ ఊడదీసి బావి దగ్గర నీళ్ళు తోడుకోవడానికి పెట్టుకోమన్నాడు. ఆయన లెక్కలో అది వైద్యుడి సలహా. నల్లసామికి మాత్రం చచ్చిపోయిన తండ్రిని ఇంకోసారి కాటికి మోసుకెళ్ళమన్నట్టు వినిపించింది.

"మా నాయన బండి ఇంక నీ షెడ్డు తొక్కదు. ఒగ దినం తన కాళ్ళ మీద తానే నీ వాకిటికి వస్తుంది. ఆ దినమే నేనూ వస్తాను" అనేసి జీపెక్కాడు. అంతే, ఇద్దరికీ మాటలు పోయాయి. పిలవని వాకిటికి వెళ్ళడానికి ఈయనకు పౌరుషం అడ్డొచ్చింది, పిలవడానికి ఆయనకు అడ్డొచ్చింది. మధ్యలో బృంద పుట్టి, పాకి, నడిచి, మాట్లాడటం కూడా నేర్చింది. మేనమామ ఆ పిల్లను ఫోన్లో ఫోటోల్లో తప్ప చూడలేదు.

చివరికి సుధాలక్ష్మే ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు నాయన బండిలోనే రా. నువ్వు రాకుంటే తిరుపతిసామి అన్న ఒళ్ళో కూర్చోబెడదామంటుండారు ఈడ. అట్ల జరిగిందా, నాకు పుట్టిల్లు లేదనుకుంటాను" అంది. తిరుపతిసామి వాళ్ళకు దూరపు వరసలో అన్న. బంధువుల వేడుకల్లో ఇలాంటి ఖాళీలు ఎక్కడ ఏర్పడతాయా అని ఇస్త్రీ పంచెతో ఎదురుచూసే మనిషి. తన ఒడిలో కూర్చోవాల్సిన పిల్ల ఆయన ఒడిలో కూర్చున్నట్టు ఊహించుకునేసరికి నల్లసామికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

అందుకే ముందురోజంతా జీపుకు సేవ చేశాడు. పాత ఆయిల్ తీసి కొత్త ఆయిల్ పోశాడు. ఇంజన్‌కు గాలి వడగట్టే డబ్బా విప్పి కడిగి గోడ మీద ఆరబెట్టాడు, తెరిచి ఉన్న గొట్టం మూతికి గుడ్డ చుట్టాడు. ముందు రెండు పక్కలా అరటిపిలకలు కట్టాడు, అద్దం చుట్టూ బంతిపూల దండ వేశాడు. తెల్లవారి లేచి గుడ్డ తీసి, డబ్బా బిగించి, దేవుణ్ణి తలుచుకుని తాళంచెవి తిప్పాడు.

జీపు "ఠక్" అంది. మళ్ళీ తిప్పితే అది కూడా అనలేదు.

బ్యాటరీ అనుకుని లైట్లు వేసి చూశాడు. అవి పట్టపగల్లా వెలిగాయి. పక్కింటి తంగరాజ్ వచ్చాడు. అతనికి ఒక ట్రాక్టరు, ప్రపంచంలోని ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉన్నాయి. జీపును గేర్లో పెట్టి తోద్దామన్నాడు. వీధిలో ఉన్న మగవాళ్ళంతా కలిసి తోశారు. చక్రాలు తిరగలేదు, మట్టిలో చాళ్ళు పడ్డాయి. తంగరాజ్ ముఖం గంభీరంగా పెట్టి, ఇంజన్ పట్టేసిందని తీర్పు చెప్పాడు. అంటే పిస్టన్లు సిలిండర్లలో బిగుసుకుపోయాయి, ఇంక ఇంజన్ మొత్తం విప్పితే తప్ప కదలవు అని అర్థం. ఆయిల్ లేకపోతేనే కదా పట్టేసేది, నిన్ననే కొత్తది పోశానని నల్లసామి మొత్తుకున్నాడు. అయితే పాత ఒంటికి కొత్త ఆయిల్ పడి ఉండదని తంగరాజ్ దానికీ కారణం చెప్పాడు.

ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ నల్లసామి తల్లి బొమ్మక్క ముందు సీట్లోంచి కదల్లేదు. కమ్మల పొట్లాన్ని కొంగున ముడేసుకుని, పయనమైపోయినదానిలాగే కూర్చుంది. ఈ దినం ఏ అడ్డమూ రాదు, నేను చూసుకున్నాను అని ఎవరూ అడగకపోయినా చెప్పింది. కొడుకు ఆ మాట పట్టించుకోలేదు.

నల్లసామి భార్య వళ్ళి ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి. "బస్సులో పోదాము మామా. పిల్లకు కావాల్సింది నీ ఒడి. జీపు ఒడి కాదు గదా" అంది.

మాట న్యాయంగానే ఉంది. కానీ బస్సు దిగి, చేతిలో అరటిగెలతో వీధిలో నడిచొస్తుంటే బావ మీసం కింద పుట్టబోయే నవ్వు నల్లసామి కళ్ళముందు కదిలింది. తన శపథాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తన కాళ్ళ మీద వస్తుందని అన్నాడే గాని, తన ఇంజన్‌తో వస్తుందని అనలేదు. చక్రాలకు ఏ రోగమూ లేదు. గేరు తీసేస్తే చక్కగా తిరుగుతాయి. తంగరాజ్ ట్రాక్టరుకు గొలుసు కట్టి లాక్కుపోతే సరిపోతుంది, వీధి మలుపులో గొలుసు విప్పేసి లోపలికి తోసుకుపోవచ్చు. వాళ్ళు గొలుసు వెతుకుతున్న సందులో వళ్ళి పెరట్లోకి వెళ్ళి, ఆడపడుచుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

బయలుదేరారు. ముందు ట్రాక్టరు, వెనక గొలుసు, దాని వెనక అరటిపిలకలతో, బంతిదండతో జీపు. స్టీరింగ్ పట్టుకుని మల్లెపువ్వు లాంటి తెల్లచొక్కాలో నల్లసామి. పెద్దరోడ్డు మీద లారీలకు అడ్డం అవుతామని తంగరాజ్ పక్కదారి పట్టాడు. సగం దూరం బాగానే సాగింది. ఆ తర్వాత ఒక ఊరి మధ్యలో ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా ఖాళీ బిందెలు పేర్చుకుని కూర్చుని కనిపించారు. వాళ్ళకు వారాల తరబడి కుళాయి నీళ్ళు రావడం లేదు.

అవి పంచాయతీ ఎన్నికల రోజులు. నల్లసామికి ఆ సంగతి తట్టలేదు. పొద్దెక్కిపోతోందన్న కంగారులో జీపులో లేచి నిలబడి, దారి ఇవ్వమని అందరికీ వినయంగా చేతులు జోడించాడు. ఎన్నికల రోజుల్లో తెల్లచొక్కా వేసుకుని పూలదండ కట్టిన జీపులో నిలబడినవాడు చేసే తప్పుల్లో అంతకన్నా పెద్దది లేదు. క్షణంలో జనం మూగారు. పూంగొడి అనే ఆవిడ బిందె తీసుకొచ్చి జీపు బోనెట్ మీద బోర్లించి, మా ట్యాంకు సంగతి తేల్చి కదలమని తమిళంలో నిలదీసింది. తాను ఏ పార్టీ వాణ్ణీ కాదని నల్లసామి చెప్పాడు. పోయినసారి గెలిచినాయన కూడా ఇదే చెప్పాడని ఆవిడ అంది. మేనకోడలి చెవులు కుట్టడానికి పోతున్నానన్నాడు. ముందు మా కుళాయి తిప్పి ఆ తర్వాత ఎవరి చెవులైనా కుట్టుకోమంది. వేరే దారి లేక, గెలిస్తే తప్పకుండా నీళ్ళు వేయిస్తానని నల్లసామి ఒప్పుకున్నాడు. పోటీలోనే లేడు కాబట్టి అందులో అబద్ధం లేదు.

అంతటితో పోయేదే. కానీ బొమ్మక్క ఈ ఆడవాళ్ళంతా మనవరాలి సీరు చూసి దీవించడానికి వచ్చారనుకుంది. దీవించినవాళ్ళను వట్టి చేతుల్తో పంపడం ఆమె పుట్టి పెరిగిన ఇంట్లో లేదు. వెనక్కి తిరిగి కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయిల పళ్ళెం అందుకుని అందరికీ తలా ఇన్ని పంచిపెట్టింది. నల్లసామి చూసి ఆపేలోపు పళ్ళెం సగమయింది, ఎవరో ఫోన్లో ఫోటో తీయడం కూడా అయిపోయింది.

ఫలితం దారిలోని సాత్తూరు పొలిమేరలో ఎదురొచ్చింది. ఓటర్లకు మిఠాయిలు పంచుతున్న అభ్యర్థి వస్తున్నాడన్న సమాచారంతో ఒక అధికారి, ఇద్దరు పోలీసులు రోడ్డు మీద కాచుకుని ఉన్నారు. సీరు సామాను మొత్తం దింపించి ఒక్కొక్కటే పరిశీలించారు. అధికారి పట్టుపావడా విప్పి, గాలిలో పట్టుకుని, పొడవు చూసి, ఇది సరిపోయే ఓటరు రాష్ట్రంలో ఉండరని తేల్చాడు. నవ్వాపుకుని సామాను ఎక్కించుకోమన్నాడు కూడా. అయితే గొలుసు కట్టి బండిని లాక్కుపోవడం మాత్రం కుదరదన్నాడు. ఇక్కణ్ణుంచి పెద్దరోడ్డు, ఎవరి ప్రాణం మీదికైనా వస్తుందని, అక్కడే గొలుసు విప్పించి, ట్రాక్టరును పక్కకు పెట్టించాడు.

రోడ్డు పక్కన ఒక టీకొట్టు ముందు జీపు నిలిచిపోయింది. ఇటు ఊరూ దూరమే, అటు విరుదునగరూ దూరమే. వళ్ళి ఆడపడుచుకు ఫోన్ చేసి, ఎక్కడ నిలిచిపోయారో చెప్పి, అక్కడి సంగతి విని చెప్పింది: తిరుపతిసామి వచ్చి చాప మీద కూర్చున్నాడట, ముహూర్తం దాటితే ఆగేది లేదని పెద్దలు అంటున్నారట, సుధ పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట.

నల్లసామి బంపరు మీద కూలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది. చెల్లెలికి చెవులు కుట్టిన రోజు గుర్తొచ్చింది. సుధ మామ ఒళ్ళో కూర్చుని, నొప్పికి కేకలు పెడుతూ, ఎదురుగా నిలబడ్డ తన వేలు పట్టుకుని వదల్లేదు. ఆ వేలు పట్టుకున్న పిల్ల ఇప్పుడు అన్నం మానేసి వాకిట్లో చూస్తూ నిలబడి ఉంటుంది. దానికి కావాల్సింది అన్న. తాను ఇన్నేళ్ళూ మోసుకు తిరిగింది శపథాన్ని. ఎవరి కోసం మోశాడో ఇప్పుడు ఎంత ఆలోచించినా తోచలేదు.

చాలాసేపటికి లేచి కళ్ళు తుడుచుకుని, కమ్మల పొట్లం ఇమ్మని తల్లిని అడిగాడు. వళ్ళిని పళ్ళేలు దించమన్నాడు. "నాయన ఏమీ అనుకోడు. బస్సులో పోదాము" అన్నాడు. వళ్ళి అప్పటికే పళ్ళేలు దించి పెట్టుకుంది.

విరుదునగర్ వైపు పోయే బస్సు కోసం చెయ్యెత్తుతుండగా, రోడ్డుకు అవతల అటునుంచి వచ్చిన బస్సు ఆగింది. అందులోంచి రాజగోపాలన్ దిగాడు. జరీ అంచు తెల్లపంచె, తెల్లచొక్కా, నుదుట చందనం, భుజాన స్పానర్లున్న సంచి. రోడ్డు దాటి వచ్చి, నల్లసామిని దాటి చూస్తూ తంగరాజ్‌తో చెప్పాడు.

"అరటాకులు కొందామని వచ్చినాను."

విరుదునగర్ బజారులో అరటాకులకు ఏం కరువొచ్చిందని గానీ, ఆకులు కోయడానికి స్పానర్లెందుకని గానీ ఎవరూ అడగలేదు. నల్లసామి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఇటువైపు బస్సు వచ్చి, ఆగి, ఎవరూ ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయింది.

రాజగోపాలన్ సంచి దింపి బోనెట్ ఎత్తాడు. "తంగరాజు, బండి ఎప్పట్నుంచి నిలిచిందని అడుగు బండివాళ్ళని" అన్నాడు. బండివాళ్ళు చేతికందే దూరంలోనే ఉన్నారు. "నిన్న సాయంత్రం దాకా బాగ తిరిగిందని చెప్పు తంగరాజు" అన్నాడు నల్లసామి, టీకొట్టు వైపు తిరిగి. ఆయిల్ సంగతి, లైట్ల సంగతి, "ఠక్" సంగతి అన్నీ అలాగే తంగరాజ్ మీదుగా అటూ ఇటూ నడిచాయి. పాపం అతను చాలాసేపు మెడ తిప్పి తిప్పి చేరవేశాడు. తాను నోరు తెరవకముందే అవతలివాడు జవాబు చెప్పేస్తున్నాడని గమనించాక, మెల్లగా జారుకుని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. బోనెట్‌లో తల దూర్చిన రాజగోపాలన్‌కు అది తెలియలేదు.

ఆయన పని మాత్రం పద్ధతిగా సాగింది. ముందు బెల్టు తీసేసి, దానితో తిరిగే డైనమోను, నీళ్ళ పంపును చేత్తో తిప్పి చూశాడు. రెండూ తిరిగాయి. తర్వాత పై గేర్లో పెట్టించి, జీపును టీకొట్టు దగ్గరి వాళ్ళ చేత వెనక్కి తోయించాడు. కాస్త కదిలింది. ముందుకు తోయించాడు. కదిలినంత మేరా వచ్చి ఠక్కుమని ఆగింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. ఆయన కళ్ళలో వెలుగొచ్చింది.

"తంగరాజు, ఇది పట్టేసిన ఇంజన్ కాదని చెప్పు. పట్టేసిందంటే ఎటూ తిరగదు. ఇది వెనక్కి పోతుండాది, ముందుకొచ్చి ఒగే తావున కొట్టుకుంటుండాది. పిస్టన్‌ని పైకి రానీకుండ లోపల ఏమో నిలబడుండాది" అన్నాడు.

ఆ మాట విని నల్లసామి గుండె తేలికపడింది. గేరు తీసేసి స్టీరింగ్ ముందే కూర్చుండిపోయాడు. రాజగోపాలన్ సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను ఒక్కొక్కటే విప్పి, గుడ్డ మీద వరసగా పేర్చాడు. ఇప్పుడు ప్రతి సిలిండరు నెత్తినా ఒక రంధ్రం ఉంది. లోపల ఏముందో చూడాలని ఫోన్ దీపం వేసి, రంధ్రం మీదికి ముఖం ఆనించినంత పనిచేశాడు. జాగ్రత్తగల మనిషి కాబట్టి ముందే చెప్పాడు, తాను చెయ్యెత్తేదాకా తాళంచెవి ముట్టుకోవద్దని. అయితే ఆ మాట తంగరాజ్‌కు చెప్పాడు. తంగరాజ్ టీకొట్టు లోపల బెంచీ మీద ఉన్నాడు. ఎత్తిన బోనెట్‌కు ఇవతల, లారీల మోతలో కూర్చున్న నల్లసామితో ఎవరూ ఏమీ అనలేదు. కాసేపు ఎదురుచూసి, ఇంజెక్టర్లు విప్పాక ఇంక చేయవలసింది ఇదే కదా అనుకుని తాళంచెవి తిప్పాడు.

ఇంజన్ గిర్రున తిరిగింది. సిలిండర్లలో నిలబడి ఉన్నదేదో రంధ్రాల్లోంచి చివ్వున ఆకాశానికి లేచింది. మధ్యలో రాజగోపాలన్ ముఖం ఉండటంతో అంత దూరం పోలేదు.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. నెత్తి నుంచి నడుము దాకా పచ్చగా ఉన్నాడు. ఆ పసుపు మీద ఇంజన్ మసి చారలు చారలుగా కారుతోంది. రాజగోపాలన్ మీసం మీది చుక్కను వేలితో తీసి వాసన చూశాడు, నాలుక మీద వేసుకుని రుచి చూశాడు.

"డీజిల్ కాదు ఇది. పసుపు" అన్నాడు.

పొద్దున తల్లి "నేను చూసుకున్నాను" అన్న మాట గుర్తొచ్చి, నల్లసామి ఒక్కసారిగా ముందు సీటు వైపు తిరిగాడు. బొమ్మక్క ముఖంలో తప్పు చేసిన ఛాయలేవీ లేవు. "నేనుదా పోసినాను. మీరు లేయకముందే పసుపునీళ్ళు కలిపి, మూత ఎత్తి బండి తలకి పోసినాను. మంచి పనికి పోయేది మనిషైతే ఏమి, ఎద్దైతే ఏమి, పసుపునీళ్ళు పోయకుండ పంపుతామా? గొట్టానికి గుడ్డ కట్టి ఉండె. తలకి గుడ్డ కట్టుకొని ఎవరన్నా నీళ్ళు పోసుకుంటారా? తీసేసి పోసినాను. పాపం, పోసిందంతా తాగింది" అంది. మళ్ళీ జలుబు చేస్తుందని ఆ గుడ్డ ఎప్పటిలాగే కట్టేశానని కూడా చెప్పింది.

నల్లసామి తాళంచెవి పట్టుకున్న చేత్తోనే కొయ్యబారిపోయాడు. మాటల్లేని బావను పిల్ల వేడుక రోజున నడిరోడ్డు మీద అభిషేకించాడు. ఇంక ఈ జన్మకు ఆ గడప తొక్కేది లేదనుకున్నాడు.

కానీ వాళ్ళ ఊళ్ళలో పసుపునీళ్ళకు ఒక కట్టుబాటుంది. అమ్మవారి తిరునాళ్ళు ముగిసే రోజున బావా మరదళ్ళు, బావా బావమరుదులు ఒకరిమీద ఒకరు పసుపునీళ్ళు చల్లుకుంటారు. పరాయివాళ్ళ మీద చల్లరు, వరసైనవాళ్ళ మీదే చల్లాలి. పడ్డవాడు కోపగించుకోకూడదు. లోపల ఎంత కోపమున్నా అది ఆ నీళ్ళతోనే పోవాలి, పోసినవాణ్ణి వరస పెట్టి పిలవాలి. పిలవకపోతే చుట్టరికం వద్దనుకున్నట్టు. బొమ్మక్క అల్లుణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"ఏమి మాపిళ్ళా, వరస మరిసిపోయినావా?" అంది.

రాజగోపాలన్ కండువా తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తుడిచింది పసుపో మరొకటో దూరంగా ఉన్నవాళ్ళకు తెలియలేదు. బోనెట్ పక్కనుంచి తల వంచి, స్టీరింగ్ వెనకున్న మనిషిని ఇన్నేళ్ళ తర్వాత నేరుగా చూశాడు.

"బావా, ఇంగొగసారి తిప్పు. ఉండే నీళ్ళంతా పోనీ."

"నువ్వు జరుగు బావా. మళ్ళా పడుతుంది."

"పడనీలే."

నల్లసామి తిప్పాడు. మళ్ళీ పడింది. వళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జీపు వెనక్కి వెళ్ళిపోయింది, నవ్వడానికో ఏడవడానికో ఆమెకే తెలియదు. ఆ తర్వాత బావలిద్దరూ కలిసి ఇంజెక్టర్లు బిగించారు. ఒకాయన స్పానరు అడిగేలోపు ఇంకొకాయన అందించాడు. తంగరాజ్ టీ తాగి వచ్చేసరికి అతని అవసరం తీరిపోయింది. పైపుల్లోని గాలి తీసేసి సెల్ఫ్ కొడితే, జీపు తెల్లటి పొగ చిమ్మి, రెండుసార్లు దగ్గి, అందుకుంది. ఆ పొగ పొంగలి వండే ఇంటిలా వాసనేసింది.

రాజగోపాలన్ చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నాడు. అడుగున ఆయిల్లోకి కాస్త నీళ్ళు దిగి ఉండొచ్చని, మెల్లగా తోలితే ఇంటిదాకా పోవచ్చని, వేడుక కాగానే తానే ఆయిల్ మారుస్తానని చెప్పాడు. "ఇంత నీళ్ళు తాగినా ఒగ కడ్డీ వంగలేదు దీనికి. ఆ దినం నేను సరిగ చూడలేదు బావా" అన్నాడు. నాయన పోయాక ఆ స్టీరింగ్‌ను ఎవరి చేతికీ ఇవ్వని నల్లసామి, తల్లిని కాస్త సర్దుకోమని, పక్క సీటుకు జరిగాడు. సీరు పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు. "చప్పుడు నీకు తెలుస్తుంది. నువ్వే తోలు" అన్నాడు.

విరుదునగర్‌లో పరిస్థితి వేరేగా ఉంది. జీపు సాత్తూరు దగ్గర నిలిచిపోయిందని సుధాలక్ష్మి చెప్పినప్పుడు రాజగోపాలన్ నాకేమి అని లేచి వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. బావమరిదికి ఎదురుపోవాల్సి వస్తుందని పారిపోయాడని పెద్దలు తేల్చారు. మేనమామ లేడు, తండ్రీ లేడు, కంసాలి సూది పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, తిరుపతిసామి ఒడి చాచుకుని ఉన్నాడు. బృంద మాత్రం ఆ ఒడి దగ్గరికి తీసుకెళ్ళిన ప్రతిసారీ వీధి దద్దరిల్లేలా ఏడ్చి తప్పించుకుంటోంది. ఇంక కాళ్ళూ చేతులూ పట్టుకుని కూర్చోబెట్టడమే అనుకుంటుండగా, వీధి మొదట్లో మేళం అందుకుంది.

సుధాలక్ష్మి హారతి పళ్ళెంతో పరుగున వాకిట్లోకి వచ్చింది. అరటిపిలకలు ఊగుతూ నాయన జీపు వచ్చి వాకిట్లో ఆగింది. పక్క సీట్లోంచి అన్న దిగాడు. స్టీరింగ్ ముందునుంచి మొగుడు దిగాడు. సీరుకు ఎదురుపోవాల్సిన మనిషే సీరు తెచ్చాడు. ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"హారతి ఎవరికి ఎత్తేదన్నా?" అంది. అని, అన్న భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. నల్లసామి కూడా ఏడ్చాడు. రాజగోపాలన్ చందనం గిన్నె తెప్పించుకుని, మసి వేళ్ళతోనే బావ చెంపలకు పూశాడు.

అప్పుడు బృంద తండ్రిని చూసింది. పసుపు ముఖం, నల్ల చారలు, నిక్కబొడుచుకుని ఎండిపోయిన జుట్టు. "బుజ్జీ" అని ఆ రూపం చేతులు చాచి ముందుకొచ్చింది. పిల్ల అంతవరకూ ఏడ్చిందంతా ఏడుపే కాదన్నట్టు ఒక్క కేక పెట్టింది. అమ్మ వైపు చూస్తే ఆ చేతుల్లో నిప్పు ఉన్న పళ్ళెం ఉంది. పక్కనే శుభ్రంగా, తెల్లగా కనిపించింది ఒక్క నల్లసామే. పరుగెత్తుకొచ్చి అతని కాళ్ళ మీదుగా ఎగబాకి, మెడ కావిలించుకుని, ముఖం భుజంలో దాచేసుకుంది. ఎవరూ ఎవరికీ పరిచయం చేయనక్కర్లేకపోయింది.

తిరుపతిసామి చాప మీదినుంచి లేచి జరిగాడు. నల్లసామి కూర్చున్నాడు. పిల్ల ఒళ్ళో ఒదిగిపోయి, చిన్ని పిడికిళ్ళతో అతని చొక్కా పట్టుకుంది. "మామ ఉండాను గదా. ఏమీ కాదు" అన్నాడు. బొమ్మక్క కొంగు ముడి విప్పి కమ్మలిచ్చింది. ఆ పచ్చమనిషి మళ్ళీ వస్తాడేమోనని పిల్ల గుమ్మం వైపే కాపలా కాస్తుండగా, కంసాలి ఒక చెవీ, రెండో చెవీ కుట్టేశాడు. సూది నొప్పికి ఏడవడం ఆ పిల్లకు గుర్తే రాలేదు. మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న ఒడిలో ఆ బరువు ఎంత బాగుందో నల్లసామికి చెప్పుకోవాలనిపించింది. కానీ కదిలితే పిల్ల ఉలిక్కిపడుతుందని ఊరుకున్నాడు.

కన్నకూతురి చెవులు కుట్టడం రాజగోపాలన్ వీధిలో నిలబడి, పిల్ల కంట పడకుండా, కిటికీ వారనుంచి చూశాడు, అదీ ఒక కంటితోనే.